యంత్రానికున్న రక్షణ మనిషికేదీ?

ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగు అమర్చిన రైల్వే స్టేషనులో రిలే గది తలుపు తెరచి చూడండి. పిడుగు పడినపుడు తీగల గుండా దూసుకువచ్చే విద్యుత్తు తాకిడి నుండి పరికరాలను కాపాడుటకై సర్జ్ రక్షక సాధనాలు దశలవారీగా బిగించి ఉంటాయి. వాటి ఎర్తింగు నిరోధం ఒక ఓమును మించరాదని రైల్వే పరిశోధన, ప్రమాణాల సంస్థ నిర్దేశించినది. ట్రాక్షన్ సబ్‌స్టేషనులో ట్రాన్స్‌ఫార్మరు పక్కన లైట్నింగ్ అరెస్టరు కాపలా కాస్తూ ఉంటుంది. ఇవన్నీ ఉండవలసినవే, వీటిని మేము తప్పుపట్టుట లేదు. కాని అదే స్టేషనుకు రెండు మైళ్ళ దూరాన, భుజాన సుత్తె, చేత స్పానరుతో పట్టాల నడుమ నడచిపోతున్న కీమన్‌కు ఏ రక్షణ కల్పించినారని అడుగుతున్నాము. అడవిదారిన సైకిలు మీద తపాలా సంచి మోసుకుపోతున్న గ్రామీణ డాక్ సేవక్‌కు ఏ రక్షణ ఉన్నదని అడుగుతున్నాము.

పిడుగు పడుట ప్రకృతి ధర్మం. అది పడు వేళకు కార్మికుడు ఆ బయలులో నిలబడి ఉండుట డ్యూటీ చార్టు నిర్ణయించిన విషయం. మొదటి దానిని ఎవరూ ఆపలేరు. రెండవ దానికి జవాబుదారులు ఉన్నారు. ఈ తేడాను గుర్తించినంతవరకు "దైవికం" అనే ఒక్క మాటతో ఫైలు మూసివేయుట ఏ అధికారికీ సాధ్యం కాదు. ఈ తేడాను మనమే మరచిపోతే మాత్రం ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్లు ప్రతిసారీ తప్పు చనిపోయినవాని మీదకే వచ్చి పడుతుంది. చెట్టు కిందకు ఎందుకు పోయినాడు, ఇనుప కడ్డీ ఎందుకు పట్టుకున్నాడు అని విచారణాధికారి అడుగుతాడు. పోవుటకు వేరే చోటు ఉన్నదా అని మాత్రం అడుగడు.

బస్తరు మార్గం, బస్తరు మబ్బు

కొత్తవలస – కిరండూల్ మార్గం 1960వ దశకంలో దండకారణ్య – బొలంగీర్ – కిరిబూరు ప్రాజెక్టులో భాగంగా నిర్మితమైనది. బైలదిలా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు, అక్కడ నుండి ఓడల మీద జపానుకు చేర్చుటయే దాని ప్రథమ లక్ష్యం. సుమారు 445 కిలోమీటర్ల ఈ మార్గం శిమిలిగుడ వద్ద సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తుకు ఎక్కి, కోరాపుట్, జయపురం, జగదల్‌పూర్, గీదం, దంతెవాడ, బచేలీల మీదుగా కిరండూల్ చేరుతుంది. దశాబ్దాల తరబడి వాల్తేరు డివిజను కింద నడచిన మార్గం గనుక శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల నుండి వచ్చిన తెలుగు కార్మికులు ఎందరో ఇచ్చటి గ్యాంగులలో, గేట్లలో, యార్డులలో సర్వీసు గడిపినారు. ఇక దక్షిణాన కొంటా, భోపాలపట్నం సంతలలో నేటికీ తెలుగు మాట వినవస్తుంది. కాబట్టి బస్తరు సమస్య మనకు పరాయి సమస్య కాదు.

మార్చి నుండి జూన్ వరకు ఎండకు కాగిన ఈ పీఠభూమి మీదకు బంగాళాఖాతపు తేమగాలి వచ్చి చేరుతుంది. మధ్యాహ్నం దాటునప్పటికి మబ్బు కోటవలె పైకి లేస్తుంది. ఆదివాసులు ఇప్పపూవు ఏరే కాలం, తునికాకు కోసే కాలం సరిగ్గా ఇదే. తరువాత వరినాట్లు వచ్చును. ఋతుపవనం మరలిపోయే సెప్టెంబరు, అక్టోబరు మాసాలలో మరల ఉరుములు మొదలవుతాయి. అనగా సంవత్సరంలో సగానికి పైగా, ఆరుబయట పనిచేయువాడు సాయంత్రం ఆకాశం చూచి బ్రతుకవలసిన ప్రాంతమిది.

ఇది ఎంత ప్రమాదమో అంకెలు చెబుతాయి. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2022లో ప్రకృతి శక్తుల వలన దేశంలో 8,060 మంది మరణించినారు. అందులో 2,887 మంది పిడుగుపాటు మృతులు. వరదలకన్న, వడగాడ్పుకన్న ఎక్కువమందిని పిడుగు చంపినది. తుపాను వచ్చిన దినమున పత్రికలు పేజీల కొలది వ్రాయును. పిడుగు మాత్రం ఒక్కొక్కరిని, ఇద్దరిద్దరిని ఏరుకొనిపోవును గనుక జిల్లా పేజీలో మూడు వాక్యాలతో ముగిసిపోవును.

2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు గంటల వ్యవధిలో 36,749 పిడుగులు నమోదైనవి. 2020 జూన్ 25న బీహారులో ఒక్క దినాన ఎనభై మందికి పైగా మరణించినారు. 2023 సెప్టెంబరు 2న ఒడిశాలో రెండు గంటలలో అరవై ఒక్క వేల పిడుగులు లెక్కకు వచ్చినవి. 2024 సెప్టెంబరు 23న ఛత్తీస్‌గఢ్‌లోని రాజనందగాఁవ్ జిల్లా జోరాతరాయి గ్రామంలో, వానకు బాట పక్కన పాతబడిన పాకలోకి చేరినవారిపై పిడుగు పడి, బడి నుండి ఇంటికి పోతున్న పిల్లలతో సహా ఎనిమిది మంది అసువులు బాసినారు. వారు బయలులో నిలబడలేదు, చెట్టు ఎక్కలేదు. నీడ దొరకినదనుకున్నారు. నీడ వేరు, రక్షణ వేరు అన్న పాఠాన్ని ఆ పసివారు ప్రాణాలు ఇచ్చి మనకు చెప్పిపోయినారు.

పిడుగు చంపే తీరు

శత్రువును తెలుసుకొనకుండా పోరాటం సాగదు. ఒక పిడుగులో సామాన్యంగా ముప్పది వేల ఆంపియర్ల ప్రవాహం ఉంటుంది. దాని బాటలోని గాలి సూర్యుని ఉపరితలం కన్న అయిదు రెట్లు వేడెక్కి ఒక్కసారిగా విస్తరిస్తుంది. ఆ చప్పుడే ఉరుము. నెత్తిన సూటిగా పడుట వలన చనిపోయేవారు కొద్దిమందే. చెట్టు మీద పడిన పిడుగు పక్కనున్న మనిషి మీదకు దూకుట ఒక విధం. పిడుగు తగిలిన తీగనో, కంచెనో, కుళాయినో తాకియుండుట మరొక విధం. అన్నిటికన్న ఎక్కువ మందిని బలిగొనేది నేల ప్రవాహం. పిడుగు నేలను తాకి నలుదిక్కులా పాకునపుడు, ఒక కాలి దగ్గర ఉన్న వోల్టేజికి, రెండవ కాలి దగ్గర ఉన్న వోల్టేజికి తేడా ఏర్పడి, విద్యుత్తు ఒక కాలి నుండి ఎక్కి మరొక కాలి గుండా దిగుతుంది. మరణాలలో దాదాపు సగానికి ఇదే కారణమని వైద్యులు చెబుతారు. చెట్టు కింద మంద మొత్తం ఒక్కసారిగా కూలిపోవుట పల్లెలలో చూచియున్నాము. పశువు ముందు కాళ్ళకు, వెనుక కాళ్ళకు నడుమ దూరం ఎక్కువ, గుండె ఆ బాటలోనే ఉన్నది.

రబ్బరు బూటు, రబ్బరు టైరు మనలను కాపాడవు. మైళ్ళ కొలది గాలిని చీల్చుకొని వచ్చిన విద్యుత్తుకు అంగుళం రబ్బరు ఒక అడ్డు కానేరదు. రైలు పెట్టెలో, జీపులో కూర్చున్నవాడు క్షేమంగా ఉండుటకు కారణం చుట్టూ ఉన్న లోహపు కవచం. అది ప్రవాహాన్ని వెలుపలి నుండే నేలకు దింపును. అందువలన తలుపులు, కిటికీలు మూసిన బోగీ మంచి రక్షణ. టాపు లేని పుష్ ట్రాలీ, తెరచిన వ్యాగను, రేకుల కప్పు కింద నాలుగు కర్రలు పాతిన పాక రక్షణ కానేకావు. చేతిలోని సెల్‌ఫోను పిడుగును పిలువదు. తీగతో గోడకు కలిసిన ఫోను మాత్రం ఆ సమయాన చెవికి దూరంగా ఉండవలెను. గేటు గదులలో తీగ ఫోనుతో డ్యూటీ చేయు గేట్‌మన్‌లకు ఈ సంగతిని ఎంతమంది ఇన్‌స్పెక్టర్లు చెప్పినారు?

పట్టాల మీద మనిషి

రైలుమార్గం అడవిని చీల్చుకొని పోవు బయలు. ఆ బయలులో నిలువుగా నిలబడ్డ ఇనుప మాస్టులు, వాటిపై 25 వేల వోల్టుల తీగ, కింద కిలోమీటర్ల పొడవున పరచిన ఉక్కు. మాస్టులను పట్టాలకు కలిపి ఉంచుతారు గనుక తీగపై ఎక్కడో పడిన పిడుగు పట్టాలలోకి దిగగలదు. మబ్బు తల మీద లేకపోయినా పట్టాను తాకియున్నవానికి దెబ్బ తగులవచ్చును. కాబట్టి ఉరుము వినగానే ట్రాక్‌మన్ పనిముట్లను కింద పెట్టి, పట్టాలకు, మాస్టులకు, సిగ్నలు స్తంభాలకు, కంచెకు ఎడంగా జరుగవలెను. వ్యాగన్ల కింద దూరి పరీక్ష చేయు సి. అండ్ డబ్ల్యు. సిబ్బంది వెలుపలికి రావలెను. టవర్ వ్యాగను మీద పనిచేయు ఓ.హెచ్.ఇ. సిబ్బంది దిగి రావలెను.

మెరుపు కనబడిన పిమ్మట ఉరుము వినబడేవరకు లెక్కపెట్టుట మంచి పద్ధతి. మూడు సెకండ్లకు ఒక కిలోమీటరు. ముప్పది సెకండ్లలోపు ఉరుము వినబడినదంటే మబ్బు పది కిలోమీటర్ల లోపున ఉన్నదని అర్థం. పని ఆపి పక్కా కట్టడంలోకో, లోహపు కప్పున్న బండిలోకో చేరవలెను. చివరి ఉరుము తరువాత అరగంట గడచేవరకు వెలుపలికి రాకూడదు. వాన వెలిసినదని వెంటనే పట్టా మీదకు దిగువారిలో ప్రాణాలు కోల్పోవువారు ఎందరో ఉన్నారు. చేరుటకు ఏ చోటూ లేనపుడు ఒంటరి చెట్టుకు, ఎత్తైన మెరకకు దూరంగా, పల్లపు చోటున, పాదాలు రెండూ దగ్గర చేర్చి కూర్చొనుట, గ్యాంగు మొత్తం ఒకచోట గుమికూడక విడివిడిగా ఉండుట ప్రమాదాన్ని కొంత తగ్గిస్తాయి. నేల మీద పడుకొనరాదు. ఇది రక్షణ అని ఎవరూ భ్రమపడరాదు. వేరే గతి లేనివాని చివరి ఉపాయం మాత్రమే.

ఇక్కడనే అసలు ప్రశ్న ఎదురవుతుంది. "ఉరుము వినగానే పక్కా కట్టడంలోకి పొండి" అని కరపత్రం వేయుట సులభం. రెండు స్టేషన్ల నడుమ ఘాటులో, రాత్రి రెండు గంటలకు, లాంతరు, డిటొనేటర్లు పట్టుకొని నడచే వర్షాకాలపు పెట్రోల్‌మన్‌కు ఆ పక్కా కట్టడం ఎక్కడున్నది? అతడు నడచుట కూడ ఆషామాషీ పని కాదు. కొండచరియ విరిగి పట్టాల మీద పడినదా అని చూచి వందల ప్రాణాలు కాపాడుట అతని విధి. 2023 సెప్టెంబరులో కోరాపుట్ ప్రాంతపు ఘాటులో మానబార్, జర్తి స్టేషన్ల మధ్య కొండచరియలు విరిగిపడి ఇదే మార్గం స్తంభించిన సంగతి మనమెరుగుదుము. బండి భద్రత పేరుతో పెట్రోల్‌మన్‌ను పిడుగుకు అప్పగింపవలెనా? పెట్రోల్‌మన్ భద్రత పేరుతో బండిని చరియకు అప్పగింపవలెనా?

ఈ రెండింటిలో ఒకటి కోరుకొనవలసిన పని లేదని మా అభిప్రాయం. పెట్రోల్‌మన్ నిర్ణీత సమయానికి పదునైదు నిమిషాలు దాటినా స్టేషను చేరనిచో, స్టేషన్ మాస్టరు ఆ సెక్షనులోకి బండ్లను ఆపి, గంటకు 40 కిలోమీటర్ల వేగ పరిమితితో కాషన్ ఆర్డరు ఇచ్చి పంపవలెనని పర్మనెంట్ వే నియమావళి ఎప్పుడో చెప్పినది. అనగా మనిషి ఆగిపోతే బండి నెమ్మదించవలెనను సూత్రం రైల్వేలో కొత్తది కాదు. పిడుగుల మబ్బు కారణంగా పెట్రోల్‌మన్ ఆగినపుడు కూడ అదే సూత్రం వర్తించునని ఒక సర్క్యులరు ఇస్తే చాలును. ఆగినందుకు చార్జిషీటు ఉండదని అందులో ఒక వాక్యం చేర్చవలెను. ఆ ఒక్క వాక్యం లేకనే ట్రాక్ కార్మికుడు ఉరుముల నడుమ నడుస్తున్నాడు. "ఆగితే గైరుహాజరు, నడిస్తే దేవుడే దిక్కు" అని గ్యాంగు మీటింగులలో మనవారు మాతో అను మాట వెనుక ఉన్నది ఈ భయమే.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981లో చేసిన 155వ ఒడంబడిక 13వ అధికరణం ప్రకారం, ప్రాణానికి తక్షణ, తీవ్ర ప్రమాదమున్నదని సహేతుకంగా నమ్మి పని నుండి తప్పుకొన్న కార్మికుని శిక్షింపరాదు. సురక్షితమైన పనిపరిసరం ప్రాథమిక హక్కులలో ఒకటని అదే సంస్థ 2022లో ప్రకటించినది. 1919 నుండి భారతదేశం ఆ సంస్థ సభ్యరాజ్యం. మేము కోరునది కొత్త సంగతి కాదు. ప్రపంచం అంగీకరించిన న్యాయాన్ని ఘాటు సెక్షనులో అమలు చేయుమని మాత్రమే.

తపాలా సంచి మోయువారు

దేశంలోని లక్షా అరవై వేలకు పైబడిన పోస్టాఫీసులలో దాదాపు తొంభై శాతం పల్లెలలోనివే. వాటిని నడుపునది గ్రామీణ డాక్ సేవకులు. జగదల్‌పూర్ కేంద్రంగా గల బస్తరు తపాలా డివిజనులో బ్రాంచి పోస్టుమాస్టరుకు, మెయిల్ క్యారియరుకు నడుమ ఉండునది తరచుగా ఒక వాగు, ఒక సాల అడవి, ఒక సైకిలు. జాబులు తగ్గినవేమోగాని బాధ్యతలు తగ్గలేదు. పింఛను సొమ్ము, బ్యాంకు చెల్లింపులు, పార్సిళ్ళు ఇప్పుడు ఆ సంచిలోనే పోతున్నవి. సొమ్ము చేత ఉన్నవాడు సంచి దించి దూరంగా పెట్టి పల్లపు చోటున కూర్చొనగలడా? సంచి తడిసినా, పోయినా జీతం నుండి కోత పడునను భయం అతనిని దగ్గరలోని ఇప్పచెట్టు కిందకు నెట్టుతుంది. ఆ చెట్టే అతనికి మృత్యువు.

మరొక అన్యాయాన్ని కూడ చెప్పవలెను. బ్రాంచి పోస్టాఫీసుకు గదిని పోస్టుమాస్టరే తెచ్చుకొనవలెను. కప్పు అతనిది, గోడ అతనిది, మీద పడు పిడుగు కూడ అతనిదే అన్నట్లు ఇలాఖా వ్యవహరిస్తున్నది. ఆ గదిలోని యంత్రం మాత్రం ఇలాఖాది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1752లో పిడుగు విద్యుత్తేనని నిరూపించి రక్షక కడ్డీని లోకానికి పరిచయం చేసినాడు. రెండు వందల డెబ్బది ఏండ్లు గడచిపోయినా బస్తరులోని పోస్టాఫీసు కప్పు మీదకు ఆ కడ్డీ ఎక్కుటకు ఏ పద్దు కింద ఖర్చు వ్రాయవలెనో తేల్చువారు కానరారు.

గ్రామీణ తపాలా సిబ్బంది సివిల్ పోస్టులలో ఉన్నవారేనని సుప్రీంకోర్టు 1977లో రాజమ్మ కేసులో తీర్పు చెప్పినది. పని విషయంలో ప్రభుత్వోద్యోగి, హక్కుల విషయంలో మాత్రం ఎవరో బయటివాడు అన్న ద్వంద్వనీతి ఆ తీర్పు తరువాత కూడ పోలేదు. పిడుగు మాత్రం శాశ్వతోద్యోగి, డాక్ సేవక్ అని తేడా చూడదు.

హెచ్చరిక పుట్టుచున్నది, చేరుట లేదు

పిడుగును ముందుగా పసికట్టుట అసాధ్యమను రోజులు పోయినవి. పుణేలోని భారత ఉష్ణమండల వాతావరణ సంస్థ నెలకొల్పిన గ్రాహక కేంద్రాలు పిడుగుల ఉనికిని కనిపెట్టుచున్నవి. "దామిని" అను ఫోను సాధనం ఇరువది, నలుబది కిలోమీటర్ల పరిధిలో ప్రమాదాన్ని తెలుపుతుంది. వాతావరణశాఖ మూడు గంటల ముందస్తు సూచనలు ఇస్తున్నది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ "సచేత్" ద్వారా హెచ్చరికలు పంపుతున్నది. విజ్ఞానం తన పని తాను చేసినది. కాని బస్తరు లోయలలో అనేక చోట్ల సెల్‌ఫోను సంకేతమే అందదు. అందినచోట హెచ్చరిక ఆంగ్లంలోనో, హిందీలోనో వచ్చును. గోండీ, హల్బీ, దోర్లీ, తెలుగు మాట్లాడువారు అక్కడ ఉన్నారు.

రైల్వేకు స్వంత వార్తావ్యవస్థ ఉన్నది. తుపాను, పెనుగాలి, భారీవర్షాల హెచ్చరికలను కంట్రోలు నుండి స్టేషన్లకు, అక్కడి నుండి ఇంజనీరింగు సిబ్బందికి అందించుట పాత ఆచారమే. ఆ బాటనే పిడుగు హెచ్చరిక కూడ నడువవలెను. పైగా అనేక డివిజన్లలో కీమన్‌లకు, పెట్రోల్‌మన్‌లకు జి.పి.ఎస్. పరికరాలు ఇచ్చినారు. మనిషి నడిచినాడా, కూర్చున్నాడా అని ఆఫీసులో కూర్చొని చూచుటకు ఆ పరికరం పనికివచ్చినపుడు, "మబ్బు వచ్చుచున్నది, పక్కకు పొమ్ము" అని చెప్పు ఏర్పాటును కూడ దానికి జతచేయుడని అడుగుటలో తప్పేమున్నది? కార్మికుని మీద నిఘాకు అందిన సాంకేతిక జ్ఞానం అతని ప్రాణరక్షణకు కూడ అందవలెను.

పరిహారం దానం కాదు

ఛత్తీస్‌గఢ్‌లో రెవెన్యూ పుస్తక సర్క్యులరు 6-4 కింద పిడుగుపాటు మృతుని కుటుంబానికి నాలుగు లక్షల రూపాయల సాయం ఇస్తారు. ఒడిశా ప్రభుత్వం 2015లోనే పిడుగును రాష్ట్ర ప్రత్యేక విపత్తుగా ప్రకటించినది. అయితే 2021–26 కాలానికి అమలైన కేంద్ర విపత్తు సహాయ నియమాలలోని పన్నెండు విపత్తుల జాబితాలో పిడుగుకు చోటు దక్కలేదు. శీతల గాలికి ఉన్న చోటు, వేలమందిని చంపు పిడుగుకు లేకపోవుట ఏ లెక్కనో అర్థం కాదు.

డ్యూటీలో ప్రమాదవశాత్తు మరణించిన కేంద్ర ప్రభుత్వోద్యోగి కుటుంబానికి ఏడవ వేతన సంఘం తరువాత ఇరువది అయిదు లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియా నిర్ణయమైనది. అది పిడుగుపాటుకు కూడ వర్తింపవలెను. డాక్ సేవక్‌కు, కాంట్రాక్టు ట్రాక్ కూలీకి కూడ సమానంగా అందవలెను. "పిడుగు ఎవరి మీదనైనా పడవచ్చును, దానికి ఉద్యోగానికి సంబంధమేమి" అను వాదం నూట ఇరువది ఏండ్ల నాడే వచ్చినది. 1904లో ఇంగ్లండులో ఇరువది మూడు అడుగుల ఎత్తు పరంజా మీద పనిచేయుచు పిడుగుతో మరణించిన తాపీ కార్మికుని కుటుంబానికి, అతని పనిచోటే అతనిని సామాన్యుల కన్న ఎక్కువ ప్రమాదంలో నిలిపినదని న్యాయస్థానం పరిహారం ఇప్పించినది. 1908లో ఐర్లండులో బాట పని చేయుచున్న కూలీ విషయంలో మాత్రం, అతనికి అందరికన్న ఎక్కువ ప్రమాదమేమీ లేదని పరిహారం నిరాకరించినారు. ఈ రెండు తీర్పుల నడుమనే మన కేసుల గెలుపు ఓటములు ఉన్నవి. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం నుండి నేటి సామాజిక భద్రతా స్మృతి దాకా కీలకం ఒక్కటే: ప్రమాదం ఉద్యోగం మూలాన, ఉద్యోగ కాలమున కలిగినదని చూపవలెను.

కనుక శాఖా కార్యదర్శులకు ఒక మాట. దుఃఖ సమయమైనా సరే, పంచనామా, శవపరీక్ష తప్పక జరిపించండి. అవి లేక అంత్యక్రియలు జరిగిన కుటుంబాలకు చట్టబద్ధమైన సొమ్ము కూడ చిక్కుట కష్టం. మస్టరు, బీటు పుస్తకం, డ్యూటీ రిజిస్టరు నకళ్ళు అదే దినాన తీసుకొనండి. అతడు నిలబడిన చోటు, దగ్గరి మాస్టు, ఎత్తు, చేతి పనిముట్లు, సమీప పక్కా కట్టడం ఎంత దూరమో వ్రాసి సాక్షుల సంతకాలు తీసుకొనండి. అతని పని అతనిని ఎక్కువ ప్రమాదంలో నిలిపినదని రుజువు చేయునది ఆ కాగితమే.

మనలోని చీకటి

యాజమాన్యాన్ని అడుగుట ఎంత ముఖ్యమో, మనలను మనం చక్కదిద్దుకొనుట అంత ముఖ్యం. ఉరిమినపుడు "అర్జునా, ఫల్గుణా" అని అర్జునుని పది పేర్లు తలచుకొనుట తెలుగునాట చిన్ననాటి అలవాటు. తలచుకొనువారిని మేము ఆక్షేపింపము. గదిలోకి చేరిన తరువాత తలచుకొనుమని మాత్రం చెబుతాము. పిడుగుదెబ్బ తిన్నవానిని మెడవరకు పేడలో పాతిపెట్టు ఆచారం మధ్యభారతంలో ఇంకను ఉన్నది. ఇది ఆక్షేపింపక తప్పని విషయం. ప్రాణం నిలుపగల విలువైన నిమిషాలు ఆ పేడలోనే సమాధి అవుతున్నవి.

పిడుగు తగిలినవాని ఒంటిలో విద్యుత్తు నిలువ ఉండదు. అతనిని వెంటనే తాకవచ్చును. గుండె, ఊపిరి ఆగి చనిపోయినట్లు కనబడువానిని ముందుగా చూడవలెను. మూలుగుచున్నవారికి ప్రాణం ఉన్నది, వారు కొంతసేపు ఆగగలరు. ఇతర ప్రమాదాలలో పాటించు వరుసకు ఇది తలక్రిందుల వరుస. రొమ్ము నడుమ రెండు అరచేతులు ఒకదానిపై ఒకటి ఉంచి, రెండు అంగుళాల లోతున, నిమిషానికి నూరు నుండి నూట ఇరువది సార్లు నొక్కుచూ, ఆసుపత్రి సాయం అందువరకు ఆపకుండా ఉండవలెను. చదువు రానివాడు కూడ ఒక పూటలో నేర్వగల విద్య ఇది. ప్రతి గ్యాంగులో ఇద్దరు, ప్రతి సబ్ పోస్టాఫీసులో ఇద్దరు దీనిని నేర్చియుండవలెను.

మా కోర్కెలు

ఒకటి: పిడుగుల మబ్బు సమీపించినపుడు పని ఆపి రక్షణకు చేరు హక్కును రైల్వే, తపాలా శాఖలు లిఖితపూర్వకంగా గుర్తింపవలెను, ఆ కాలాన్ని డ్యూటీగా లెక్కింపవలెను.

రెండు: ఘాటు సెక్షన్లలో పెట్రోలింగు బీట్ల పొడుగున రక్షక కడ్డీ, సరియైన ఎర్తింగు గల చిన్న పక్కా గదులు కట్టవలెను. రాత్రి పెట్రోలింగుకు ఇద్దరిని పంపవలెను.

మూడు: పిడుగు హెచ్చరికలను కంట్రోలు ద్వారా గేట్లకు, గ్యాంగులకు, పెట్రోల్‌మన్‌ల పరికరాలకు తక్షణం అందించు ఏర్పాటు చేయవలెను.

నాలుగు: గేటు గదులకు, బ్రాంచి పోస్టాఫీసు గదులకు శాఖల ఖర్చుతోనే పిడుగు రక్షణ అమర్చవలెను. ఉరుముల వేళ ఆగిన డాక్ సేవక్‌పై ఆలస్యపు అభియోగం మోపరాదు.

అయిదు: డ్యూటీలో పిడుగుపాటుకు మరణించిన శాశ్వత, గ్రామీణ, కాంట్రాక్టు కార్మికులందరి కుటుంబాలకు సమాన పరిహారం చెల్లింపవలెను. పిడుగును కేంద్ర విపత్తుల జాబితాలో చేర్చవలెను.

వీటికి కోట్ల ఖర్చు అవునని భయపెట్టువారికి మా జవాబు ఒక్కటే. ఒక్క ఇంటర్‌లాకింగు కార్డు కాలిపోతే బండ్లు ఆగుననే కదా సర్జ్ సాధనాలు పెట్టినారు. కార్మికుడు కాలిపోతే ఒక ఇల్లు ఆగిపోవును.

సోదర కార్మికులారా! రైల్వేలో ఎనిమిది గంటల పని, వారపు విశ్రాంతి ఎవరో కరుణించి ఇచ్చినవి కావు. వాటి కొరకు పోరాటాలు సాగినవి, 1974 మే మాసంలో ఇరువది దినాలు దేశమంతట చక్రాలు ఆగినవి. ఈనాడు మనమడుగునది ఉరుములు ఉరుమునంతసేపు, ఆ తరువాత మరొక అరగంట ఆగుటకు హక్కు. వేసవి ఉరుములు మొదలుకాకముందే ప్రతి శాఖ సమావేశమై ఈ అయిదు కోర్కెలపై తీర్మానం చేసి డివిజను అధికారులకు అందజేయవలెను. రైల్వే శాఖలు, తపాలా శాఖలు జగదల్‌పూర్, కోరాపుట్, కిరండూల్‌లలో ఉమ్మడిగా ప్రథమ చికిత్స శిక్షణ జరుపవలెను. ప్రతి గ్యాంగు తన బీటులోని పక్కా కట్టడాలను గుర్తించి, ఎంత దూరాన ఏది ఉన్నదో ఒక కాగితం మీద వ్రాసి సెక్షన్ ఇంజనీరుకు ఒక ప్రతి, యూనియనుకు ఒక ప్రతి ఇవ్వవలెను. ఆ కాగితం మీద అయిదారు కిలోమీటర్ల మేర ఏమీ లేదని తేలితే, అక్కడనే మన మొదటి గది కట్టించుకొందము.